రెండు హార్డ్ డిస్కులు, ఒకే డ్రైవ్: ఇంటి పీసీలో రెయిడ్ 0 సెటప్ చేసుకోవడం ఎలా?

పాత పీసీ నుంచి తీసిన హార్డ్ డిస్క్ ఒకటి, ఎప్పుడో ఆఫర్‌లో కొన్నది ఇంకొకటి.. ఇలా చాలామంది ఇళ్లలో రెండు డిస్కులు ఖాళీగా పడి ఉంటాయి. రెండూ 1 టీబీవే అనుకోండి. వాటిని విడివిడిగా వాడితే రెండు మామూలు డ్రైవులు. ఒకటిగా కలిపితే మాత్రం 2 టీబీల ఒకే డ్రైవ్ వస్తుంది, పెద్ద ఫైళ్ల స్పీడ్ కూడా దాదాపు రెట్టింపు అవుతుంది. దీన్నే స్ట్రైపింగ్ అంటారు. టెక్నికల్ పేరు రెయిడ్ 0.

దీన్ని సెటప్ చేయడానికి 10 నిమిషాలు చాలు, కొత్తగా ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. కాకపోతే ఆ డ్రైవ్‌లో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అన్నది ముందే తేల్చుకోవాలి. అది తెలియకుండా మొదలుపెడితే ఏదో ఒక రోజు రెండు డిస్కుల్లోని డేటా ఒకేసారి పోతుంది. అందుకే ఈ పాఠంలో ముందు అది ఎలా పనిచేస్తుందో చూసి, తర్వాత సెటప్‌లోకి వెళ్దాం.

అసలు స్ట్రైపింగ్ అంటే ఏంటి?

పేక ముక్కలు పంచడం చూసే ఉంటారు. ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు వేసుకుంటూ పోతారు. స్ట్రైపింగ్ కూడా అంతే. మీరు ఒక ఫైల్ సేవ్ చేయగానే కంప్యూటర్ దాన్ని సమానమైన ముక్కలుగా కోసి, మొదటి ముక్క ఒకటో డిస్క్‌లో, రెండోది రెండో డిస్క్‌లో, మూడోది మళ్లీ ఒకటో డిస్క్‌లో.. ఇలా వరుసగా రాస్తుంది.

ఒక్కో ముక్క సైజునే స్ట్రైప్ సైజ్ అంటారు. అది 64 కేబీ అనుకుంటే, 1 ఎంబీ ఫైల్ 16 ముక్కలవుతుంది. ఒక్కో డిస్క్‌కి 8 ముక్కలు వెళ్తాయి. ఒక డిస్క్ 16 ముక్కలు రాసే టైమ్‌లో సగానికే పని అయిపోతుంది, ఎందుకంటే రెండూ ఒకేసారి రాస్తున్నాయి. చదివేటప్పుడూ ఇదే లాభం.

ఇప్పుడు పేక ముక్కల్నే ఇంకో రకంగా ఆలోచించండి. పంచిన తర్వాత ఒకరి చేతిలోని ముక్కలు కాలవలో పడిపోయాయి. రెండో వ్యక్తి చేతిలో సగం పేక భద్రంగానే ఉంది, కానీ దాంతో ఆట ఆడగలరా? రెయిడ్ 0లో ఒక డిస్క్ పోతే జరిగేది ఇదే. పెద్ద ఫైళ్లలో ప్రతిదానికీ సగం భాగమే మిగులుతుంది. పైగా ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే ఫైల్ టేబుల్ కూడా రెండు డిస్కుల మీదా పంచి ఉంటుంది కాబట్టి, ముక్క సైజు కంటే చిన్న ఫైళ్లు ఒకే డిస్క్‌లో పూర్తిగా ఉన్నా వాటిని వెతికి పట్టుకోవడం కష్టమవుతుంది.

ఆ సున్నా ఏం చెబుతోంది?

ముందే చెప్పేస్తే మంచిది, దీనికీ ఏసీబీ రెయిడ్స్‌కీ ఏ సంబంధమూ లేదు. ఈ పేరు 1988లో వచ్చింది. అమెరికాలోని బర్క్లీ యూనివర్సిటీలో పనిచేస్తున్న డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ కలిసి ఒక పేపర్ రాశారు. ఒక ఖరీదైన పెద్ద డిస్క్ బదులు చౌకైన చిన్న డిస్కులు చాలా కలిపి వాడొచ్చని, అయితే డిస్కుల సంఖ్య పెరిగేకొద్దీ ఏదో ఒకటి పాడయ్యే అవకాశం కూడా పెరుగుతుంది కాబట్టి అదనపు కాపీ లాంటి రక్షణ ఉండాలని అందులో చెప్పారు. రెయిడ్ అనే పేరులో మొదటి అక్షరం ఆ అదనపు రక్షణకే గుర్తు.

ఆ పేపర్‌లో 1 నుంచి 5 వరకు లెవెల్స్ ఉన్నాయి. అందులో 0 లేదు, ఆ నంబర్ తర్వాత వాడుకలోకి వచ్చింది. రక్షణ సున్నా అని ఆ అంకె పేరులోనే చెబుతోందన్నమాట.

రిస్క్ ఎంత పెరుగుతుందో చిన్న లెక్క వేద్దాం. ఒక డిస్క్ ఏడాదిలో పాడయ్యే అవకాశం 3 శాతం అనుకుందాం (ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే). రెండు డిస్కులతో రెయిడ్ 0 చేస్తే, రెండూ ఏడాదంతా బాగుంటేనే డేటా ఉంటుంది. ఆ అవకాశం 0.97 × 0.97, అంటే సుమారు 94.1 శాతం. డేటా పోయే అవకాశం 5.9 శాతానికి చేరింది. అదే నాలుగు డిస్కులు కలిపితే దాదాపు 11.5 శాతం. స్పీడ్ పెరిగినట్టే రిస్కూ పెరుగుతూ పోతుంది.

స్పీడ్ ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ పెరగదు?

ఇది చాలామంది తికమకపడే చోటు. హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం, దాని మీద కదిలే హెడ్ ఉంటాయి. 7,200 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావాల్సిన డేటా హెడ్ కిందకి రావడానికి సగటున అందులో సగం, అంటే సుమారు 4.2 మిల్లీసెకన్లు ఆగాలి. దానికి ముందు హెడ్ సరైన ట్రాక్ దగ్గరికి వెళ్లే టైమ్ అదనం. ఇంకో డిస్క్ పక్కన పెట్టినంత మాత్రాన ఈ ఎదురుచూపు తగ్గదు.

అందుకే 40 జీబీ వీడియో ఫైల్ కాపీ చేస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. విండోస్ బూట్ అవడం, బ్రౌజర్ ఓపెన్ అవడం లాంటివి వేలకొద్దీ చిన్న ఫైళ్లతో పని కాబట్టి అక్కడ పెద్ద తేడా ఉండదు. ఆ పనులకు ఒక మామూలు సాటా ఎస్ఎస్‌డీ కూడా హార్డ్ డిస్కుల జంటను చాలా వెనక్కి నెట్టేస్తుంది. కాబట్టి విండోస్‌ను ఎస్ఎస్‌డీలోనే ఉంచండి. రెయిడ్ 0ని పెద్ద ఫైళ్ల గోడౌన్‌లా వాడుకోండి.

ఒక లెక్క చూడండి. ఒక డిస్క్ సెకనుకు 160 ఎంబీ రాస్తుందనుకుంటే, ఎస్ఎస్‌డీ నుంచి 50 జీబీ కాపీ చేయడానికి 5 నిమిషాల పైనే పడుతుంది. రెండూ కలిసి 300 ఎంబీ రాస్తే 2 నిమిషాల 47 సెకన్లలో అయిపోతుంది. అదే ఫైల్ పాత పెన్‌డ్రైవ్ నుంచి వస్తుంటే మాత్రం రెయిడ్ ఉన్నా లేకున్నా ఒకటే. ఇచ్చే చెయ్యి నెమ్మదిగా ఉంటే పుచ్చుకునే చెయ్యి వేగం ఎవరికి కావాలి?

అందులో ఏం పెట్టాలి?

ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘ఈ డ్రైవ్ రేపు పొద్దున ఓపెన్ అవ్వకపోతే నేను ఏం పోగొట్టుకుంటాను?’

స్టీమ్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్స్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల క్యాష్ ఫైళ్లు, ఒరిజినల్ వేరేచోట ఉన్న 4కే వీడియో క్లిప్స్, లినక్స్ ఐఎస్ఓలు.. ఇవి పోతే మహా అయితే టైమ్, ఇంటర్నెట్ డేటా పోతాయి. ఇవన్నీ పెట్టుకోవచ్చు.

అక్క పెళ్లి వీడియో, తాతయ్య ఉన్నప్పటి ఫొటోలు, కాలేజీ ప్రాజెక్ట్, క్లయింట్ ఇచ్చిన ఫుటేజ్.. ఇలాంటివాటికి ఇదొక్కటే కాపీ అయితే ఇందులో పెట్టకండి. మీ దగ్గర రెండే డిస్కులు ఉండి, పెట్టాల్సింది ఇలాంటి డేటానే అయితే అసలు రెయిడ్ 0 జోలికే పోవద్దు. ఒక డిస్క్‌ను వాడుకుని, రెండోదాన్ని బ్యాకప్‌గా పెట్టుకోండి. ఆ రెండు డిస్కులకు అంతకంటే మంచి ఉపయోగం లేదు.

మొదలుపెట్టే ముందు

1. డిస్కులు జోడు కుదరాలి. జోడెద్దుల బండి నెమ్మదిగా నడిచే ఎద్దు వేగంతోనే పోతుంది. 7,200 ఆర్‌పీఎం డిస్క్‌ని 5,400 డిస్క్‌తో కలిపితే మొదటిదాని స్పీడ్ వృథా. సైజ్ కూడా అంతే: 1 టీబీకి 500 జీబీ జత చేస్తే స్ట్రైపింగ్‌కి వాడుకోగలిగేది 500 + 500, అంటే 1 టీబీ మాత్రమే.

2. మోడల్ నంబర్ చూసి అది ఎస్ఎంఆర్ డిస్కా కాదా కనుక్కోండి. ఈ రకంలో ట్రాకులు పెంకుటింటి మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. చదవడానికి ఇబ్బంది లేదు కానీ, ఎక్కువసేపు ఆపకుండా రాస్తే స్పీడ్ బాగా పడిపోతుంది. సీఎంఆర్ డిస్కులైతే ఈ పనికి మేలు.

3. ఆరోగ్యం చెక్ చేయండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత టూల్‌లో రెండు డిస్కుల్నీ చూడండి. ‘రీఅలొకేటెడ్ సెక్టార్స్’, ‘కరెంట్ పెండింగ్ సెక్టార్స్’ దగ్గర సున్నా ఉండాలి. పసుపు రంగులో ‘కాషన్’ అని వస్తే ఆ డిస్క్‌ను పక్కన పెట్టేయండి. పాత డిస్క్ కాబట్టి ‘పవర్ ఆన్ అవర్స్’ కూడా ఓసారి గమనించండి.

4. ముందు స్పీడ్ రాసిపెట్టుకోండి. క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌తో ఒక్కో డిస్క్‌ను విడిగా టెస్ట్ చేసి అంకెలు నోట్ చేసుకోండి. ఇది లేకపోతే తర్వాత స్పీడ్ ఎంత పెరిగిందో మీకే తెలియదు.

5. రెండు డిస్కుల్లో ఉన్నదంతా వేరేచోటికి కాపీ చేసి, కాపీ అయిన ఫైళ్లు ఓపెన్ అవుతున్నాయో లేదో చూడండి. సెటప్‌లో రెండూ పూర్తిగా చెరిగిపోతాయి.

6. పీసీ ఆఫ్ చేసి, పవర్ కేబుల్ పీకి, రెండు డిస్కుల్నీ సాటా కేబుళ్లతో నేరుగా మదర్‌బోర్డుకి కనెక్ట్ చేయండి. యూఎస్‌బీ ద్వారా కలిపిన డిస్కులతో స్ట్రైపింగ్ చేయొద్దు. ఎవరి చెయ్యి తగిలి ఒక కేబుల్ ఊడినా డ్రైవ్ మొత్తం మాయమవుతుంది.

ఏ పద్ధతి మంచిది?

ఇంటి పీసీలో మూడు దారులున్నాయి. మొదటిది మదర్‌బోర్డు బయాస్‌లో ఉండే రెయిడ్. ఇందులో సాటా మోడ్‌ను ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కి మార్చాలి. ఇప్పటికే విండోస్ ఇన్‌స్టాల్ అయి ఉన్న పీసీలో ముందస్తు ఏర్పాటు లేకుండా ఇలా మారిస్తే విండోస్ బూట్ కాకుండా ఆగిపోవచ్చు. కొత్తగా చేసేవాళ్లకు ఇది వద్దు.

రెండోది డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉండే ‘న్యూ స్ట్రైప్డ్ వాల్యూమ్’. ఇది డిస్కుల్ని డైనమిక్ డిస్కులుగా మారుస్తుంది. ఈ డైనమిక్ డిస్క్ విధానాన్ని మైక్రోసాఫ్టే పాతదిగా ప్రకటించి, బదులుగా స్టోరేజ్ స్పేసెస్ వాడమంటోంది.

కాబట్టి మనం మూడోదైన స్టోరేజ్ స్పేసెస్‌నే వాడదాం. విండోస్ 8 నుంచి 11 వరకు ఇది సిస్టమ్‌తో పాటే వస్తోంది. ఇందులో ‘సింపుల్’ అనే రకమే మనకు కావాల్సిన స్ట్రైపింగ్.

స్టెప్ బై స్టెప్ సెటప్

స్టెప్ 1: బ్యాకప్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను పీసీ నుంచి తీసేయండి. అది కూడా 1 టీబీదే అయితే లిస్టులో పొరపాటున దాన్నే టిక్ చేసే ప్రమాదం ఉంది.

స్టెప్ 2: స్టార్ట్ మెనూలో ‘స్టోరేజ్ స్పేసెస్’ అని టైప్ చేసి, ‘మేనేజ్ స్టోరేజ్ స్పేసెస్’ ఓపెన్ చేయండి. ‘క్రియేట్ ఎ న్యూ పూల్ అండ్ స్టోరేజ్ స్పేస్’ మీద క్లిక్ చేస్తే అడ్మిన్ పర్మిషన్ అడుగుతుంది, ఇవ్వండి.

స్టెప్ 3: వాడదగిన డిస్కుల లిస్ట్ వస్తుంది. మోడల్ పేరు, సైజ్ సరిచూసుకుని రెండింటినీ ఒకేసారి టిక్ చేయండి. ఇది ముఖ్యం. ఒక డిస్క్‌తోనే స్పేస్ తయారుచేసి రెండోదాన్ని తర్వాత కలిపితే సైజ్ పెరుగుతుంది తప్ప ముక్కల పంపకం జరగదు, స్పీడ్ రాదు. టిక్ చేశాక ‘క్రియేట్ పూల్’ నొక్కండి. డిస్కులు చెరిగిపోయేది ఇక్కడే.

స్టెప్ 4: తర్వాతి స్క్రీన్‌లో డ్రైవ్‌కి పేరు పెట్టండి. ‘స్క్రాచ్’ అనో ‘గేమ్స్ మాత్రమే’ అనో పెడితే, అందులో ఏం ఉండాలో ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ ఉంచండి.

స్టెప్ 5: ‘రెసిలియెన్సీ టైప్’ దగ్గర ‘సింపుల్’ ఎంచుకోండి. ‘టూ-వే మిర్రర్’ అని ఉంటే అది వేరే. అందులో రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంటుంది, భద్రత ఎక్కువ కానీ కెపాసిటీ సగమే.

స్టెప్ 6: సైజ్ దగ్గర వచ్చిన గరిష్ఠ అంకెను అలాగే వదిలేయండి. అసలు ఉన్నదానికంటే ఎక్కువ సైజ్ ఇచ్చినా విండోస్ ఒప్పుకుంటుంది, కానీ జాగా నిజంగా నిండిపోయినప్పుడు ఇబ్బంది పడతారు. రెండు 1 టీబీ డిస్కులకు దాదాపు 1.8 టీబీ చూపిస్తుంది. మోసమేం లేదు, కంపెనీలు 1,000తో లెక్కిస్తే విండోస్ 1,024తో లెక్కిస్తుంది.

స్టెప్ 7: ‘క్రియేట్ స్టోరేజ్ స్పేస్’ నొక్కండి. కాసేపట్లో ‘దిస్ పీసీ’లో కొత్త డ్రైవ్ కనిపిస్తుంది. అంతే, సెటప్ అయిపోయింది.

ఫలితం వచ్చిందా?

క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌తో మళ్లీ టెస్ట్ చేయండి. పై వరుసలో ఉండే సీక్వెన్షియల్ అంకె, విడి డిస్క్ అంకెకు రెట్టింపు దరిదాపుల్లో ఉండాలి. కింద ఉండే ర్యాండమ్ 4కే అంకెలో పెద్ద మార్పు లేకపోతే కంగారుపడకండి. ఎందుకో పైన చెప్పుకున్నాం.

సీక్వెన్షియల్ కూడా పెరగలేదంటే రెండు కారణాలు చూడండి. ఒకటి, రెండు డిస్కుల్నీ ఒకేసారి టిక్ చేయకపోవడం. రెండు, ఒక డిస్క్ మరీ నెమ్మదిగా ఉండటం. మొదటిదైతే స్పేస్ డిలీట్ చేసి మళ్లీ చేయండి, డేటా ఎక్కించకముందే చేస్తే నష్టం లేదు.

ఇంకో విషయం. ఖాళీ డ్రైవ్‌లో వచ్చిన స్పీడ్ నిండిన డ్రైవ్‌లో రాదు. హార్డ్ డిస్క్ పళ్లెం అంచు వైపు ట్రాకుల్లో స్పీడ్ ఎక్కువ, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. డ్రైవ్ నిండేకొద్దీ అంకెలు తగ్గితే అది రోగం కాదు, డిస్క్ నిర్మాణమే అంత.

బ్యాకప్ లేకుండా పని పూర్తి కాదు

రెయిడ్ 0లో పని చేసుకుంటూ అక్కడే తయారైన ఫైళ్లు కొన్ని ఉంటాయి: ఎడిట్ చేసిన ప్రాజెక్ట్ ఫైల్, రెండర్ అయిన వీడియో, గేమ్ సేవ్స్. డౌన్‌లోడ్ చేస్తే తిరిగి వచ్చేవి కావు ఇవి. వీటి సైజ్ సాధారణంగా తక్కువే, విలువ మాత్రం ఎక్కువ. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్ట్ ఫైల్ ఎస్ఎస్‌డీలో, క్యాష్ మాత్రం రెయిడ్‌లో ఉండేలా సెట్టింగ్స్ మార్చుకోండి. పూర్తయిన పనిని ఆ రోజే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్‌ను పీసీ నుంచి తీసేయండి. నెలకోసారి అందులోంచి ఏదో ఒక ఫైల్ ఓపెన్ చేసి చూడండి. ఓపెన్ చేసి చూడని బ్యాకప్‌ను నమ్మలేం.

ఎండాకాలం గాలివానకు కరెంటు పోవడం మనకు కొత్త కాదు. ఫైళ్లు రాస్తుండగా పీసీ ఆగిపోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతినే అవకాశం ఉంది. డెస్క్‌టాప్‌కి ఒక చిన్న యూపీఎస్ ఉంటే షట్‌డౌన్ చేసే టైమ్ దొరుకుతుంది.

ఒక రోజు డ్రైవ్ కనిపించకపోతే?

ముందు ఏ బటనూ నొక్కకండి. ఫార్మాట్ చేయమనో, ఇనిషియలైజ్ చేయమనో విండోస్ అడిగితే క్యాన్సిల్ చేసేయండి. పీసీ ఆఫ్ చేసి రెండు డిస్కుల సాటా, పవర్ కేబుళ్లు తీసి గట్టిగా మళ్లీ పెట్టండి. చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, వదులైన కేబుల్‌ది. రెండు డిస్కులూ తిరిగి కనబడితే డ్రైవ్ మళ్లీ వచ్చేస్తుంది. రాగానే మొదట చేయాల్సిన పని అవసరమైన ఫైళ్లు బయటకు కాపీ చేయడం.

పీసీ పాడై డిస్కులు బాగుంటే కంగారొద్దు. రెండింటినీ కలిపి, అదే విండోస్ వెర్షన్ గానీ కొత్త వెర్షన్ గానీ ఉన్న ఇంకో పీసీకి కనెక్ట్ చేస్తే స్టోరేజ్ స్పేసెస్ ఆ పూల్‌ను గుర్తుపడుతుంది. డిస్కుల మీద 1, 2 అని స్టిక్కర్లు అంటించి ఉంచితే ఇలాంటప్పుడు పని సులువు.

ఒక డిస్క్ టక్ టక్ మని శబ్దం చేస్తుంటే మాత్రం పదే పదే ఆన్ చేయకండి. ఆ డ్రైవ్‌లో పోకూడని డేటా ఉంటే రికవరీ నిపుణుల దగ్గరికి రెండు డిస్కుల్నీ తీసుకెళ్లాలి. పాడైనదొక్కటే ఇస్తే వాళ్లకు సగం పేకే ఇచ్చినట్టు. బ్యాకప్ ఉంటే ఈ తిప్పలేవీ లేవు: పాడైన డిస్క్ మార్చి, పైన చెప్పిన స్టెప్స్ మళ్లీ చేసి, ఫైళ్లు వెనక్కి కాపీ చేసుకుంటే అయిపోతుంది.

మూలన పడి ఉన్న రెండు డిస్కులతో ఖర్చు లేకుండా స్పీడ్ తెచ్చుకోవచ్చు, స్టోరేజ్ ఎలా పనిచేస్తుందో చేతులారా నేర్చుకోవచ్చు. సెటప్ పూర్తయ్యాక మీ కొత్త డ్రైవ్‌లోకి మొదట గేమ్స్ ఎక్కించండి. ఫొటోల ఫోల్డర్‌ను మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి.